మశూచి గుమ్మంలోకి వచ్చినప్పుడు: కలకత్తా నగరం నేర్చుకున్న పాఠం



మీ ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో ఉంటే ఒకసారి వారి చేతిని చూపించమని అడగండి. మోచేతికి పైనో కిందో రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ కనిపించవచ్చు. అది మశూచి టీకా మచ్చ. మీ భుజం మీద ఉన్న చిన్న మచ్చ బహుశా క్షయ నివారణకు వేసే బి.సి.జి. టీకాది. అది వేరు, ఇది వేరు. మీ చేతిమీద మశూచి టీకా మచ్చ లేదు. ఎందుకంటే మీరు పుట్టేనాటికే ఆ వ్యాధి భూమి మీద లేకుండా పోయింది.

అసలు 'టీకా' అనే మాటే ఆ మచ్చ నుంచి వచ్చింది. హిందీ, బెంగాలీ భాషల్లో టీకా అంటే గుర్తు, బొట్టు అని అర్థాలున్నాయి. మనం 'టీకా తాత్పర్యం' అనేటప్పటి టీకా వేరు. సూదిమందులు రాకముందే, ఇంగ్లండులో జెన్నర్ పేరు ఎవరూ వినకముందే, బెంగాల్ పల్లెల్లో చేతిమీద గాటు పెట్టి మశూచి నుంచి రక్షణ కల్పించేవారు ఉండేవారు. వారిని టీకాదారులు అనేవారు.

ఈ పాఠంలో కలకత్తా నగర చరిత్ర ఆధారంగా ఒక ప్రశ్నను పరిశీలిద్దాం. అంటువ్యాధి ఇంట్లోకి వచ్చాక, లేదా రోగి పక్కన కూర్చుని వచ్చామని తెలిశాక, మనిషి ఏం చేయాలి? అప్పుడు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. మొదటిది, నాకేమవుతుంది? రెండవది, నా వల్ల మరొకరికి ఏమవుతుంది? మొదటి ప్రశ్న ఎవరికైనా వెంటనే తడుతుంది. రెండవ ప్రశ్నకు సరైన జవాబు నేర్చుకోవడానికి మాత్రం ఆ మహానగరానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. (2001లో నగరం పేరు అధికారికంగా కోల్‌కతాగా మారింది. ఈ పాఠంలో పాత సంఘటనలు చెప్పేటప్పుడు కలకత్తా అనే అంటాం.)

ఈ చరిత్రతో మనకు సంబంధం లేదనుకోకండి. విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి వలస వెళ్లిన తెలుగు కార్మికులు ఎందరో హుగ్లీ నది ఒడ్డున జనపనార మిల్లుల్లో పనిచేశారు. ఆ నగరానికి జబ్బు చేస్తే ఆ కబురు కోసం మన పల్లెల్లో కూడా ఎదురుచూసే ఇళ్లు ఉండేవి.

ముందుగా వ్యాధి సంగతి

మశూచిని మనవాళ్లు స్ఫోటకం అనీ, పెద్దమ్మవారు అనీ అన్నారు. ఆటలమ్మ లేదా చిన్నమ్మవారు అనేది వేరే వైరస్ వల్ల వచ్చే వేరే జబ్బు. రెండూ ఒంటిమీద పొక్కుల రూపంలోనే కనబడతాయి కాబట్టి జనం పొరబడేవారు. ఈ పొరపాటును గుర్తుంచుకోండి. పాఠంలో ముందుకు వెళ్లాక దాని ఫలితం చూస్తాం.

మశూచికి కారణం వేరియోలా అనే వైరస్. ఉధృతమైన రకం సోకినవారిలో నూటికి ముప్పై మంది దాకా చనిపోయేవారు. బతికినవారికి ముఖం నిండా గుంటలు మిగిలేవి. కొందరికి చూపు పోయేది. వైరస్ శరీరంలో చేరాక సాధారణంగా పది నుంచి పద్నాలుగు రోజుల వరకు ఏ లక్షణమూ కనిపించదు. దీన్ని పొదిగే కాలం అంటారు. గుడ్డు లోపల పిల్ల తయారవుతున్నా పైకి తెలియదు కదా, అలాగన్న మాట. తరువాత తీవ్రమైన జ్వరం, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. రెండు మూడు రోజులకు నోటిలోనూ ముఖం మీదా పొక్కులు లేస్తాయి. అక్కడినుంచి పక్కులు పూర్తిగా రాలిపోయేదాకా, అంటే సుమారు మూడు వారాలపాటు, రోగి నుంచి ఇతరులకు సోకుతుంది.

ఇందులో ఒక మేలు ఉంది. పొదిగే కాలంలో మనిషి ఇతరులకు వ్యాధిని అంటించడు. అంటే వైరస్ సోకిన రోజుకూ, అది మరొకరికి అంటే రోజుకూ మధ్య దాదాపు పన్నెండు రోజుల వ్యవధి దొరుకుతుంది. ఈ వ్యవధిని ఎవరు ఎలా వాడుకున్నారన్నదే మన కథ.

బసంత రోగం, శీతలాదేవి

బెంగాలీలు మశూచిని 'బసంత రోగం' అన్నారు. వసంత ఋతువులో విజృంభించేది కాబట్టి ఆ పేరు. గాడిదనెక్కి, చేత చీపురూ కుండా పట్టిన శీతలాదేవిని ఆ వ్యాధికి అధిదేవతగా కొలిచారు. శీతల అంటే చల్లనిది. మన పోలేరమ్మ, పోచమ్మలను తలచుకుంటే ఈ భావన మీకు సులభంగా అర్థమవుతుంది. మన ఊళ్లలో కూడా 'జబ్బు చేసింది' అనకుండా 'అమ్మవారు పోసింది' అనేవారు. రోగికి చలవ చేసే ఆహారం పెట్టేవారు. వేపమండలతో విసిరేవారు. గుమ్మానికి వేపమండ కట్టేవారు.

ఈ ఆచారాలను మూఢనమ్మకాలని ఒక్క మాటలో కొట్టిపారేయడం చరిత్రకారుని పద్ధతి కాదు. వేపాకు మశూచి వైరస్‌ను చంపదు, అది నిజం. కానీ గుమ్మానికి కట్టిన వేపమండ ఒక ప్రకటన. ఈ ఇంట్లో అమ్మవారు ఉంది, లోపలికి రావద్దు అని చదువురాని వారికి కూడా అది తెలియజేసేది. అంటే రెండవ ప్రశ్నకు పాత సమాజం దగ్గర కొంత జవాబు ఉంది. అయితే అది సగం జవాబే. ఆ ఇంట్లోవారు బయటికి వెళ్లకుండా ఆపేది ఏమీ లేదు. అమ్మవారిని సాగనంపే జాతరలో ఊరంతా ఒకచోట చేరేది.

టీకాదారులు వచ్చే కాలం

ఇక టీకాదారుల సంగతి చూద్దాం. 1731లో కలకత్తా నుంచి రాసిన ఒక ఉత్తరంలో రాబర్ట్ కోల్ట్ అనే ఆంగ్లేయుడు బెంగాల్‌లో జరిగే టీకా పద్ధతిని వర్ణించాడు. 1767లో జాన్ హాల్వెల్ లండన్ వైద్యుల కోసం ఇదే విషయం మీద ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. హాల్వెల్ వైద్యుడు. కొంతకాలం బెంగాల్‌లో కంపెనీ గవర్నరుగా కూడా ఉన్నాడు.

హాల్వెల్ చెప్పిన వివరాలు చూడండి. ప్రతి ఏటా వ్యాధి ఋతువు రాకముందే కాశీ, ప్రయాగ వంటి చోట్ల నుంచి బ్రాహ్మణులు ముగ్గురు నలుగురు చొప్పున జట్లుగా బయలుదేరి వచ్చేవారు. టీకా వేయించుకోదలచినవారు నెలరోజుల ముందునుంచి చేపలు, పాలు, నెయ్యి మానేయాలి. టీకాదారు చేతిమీద గుడ్డతో రుద్ది, సన్నని ఇనుప పనిముట్టుతో చిన్న చిన్న గాట్లు పెట్టేవాడు. కిందటేడు పొక్కుల నుంచి తీసి దాచిన రసిని దూదికి పట్టించి, గంగాజలంతో తడిపి, ఆ గాట్లమీద ఉంచి కట్టు కట్టేవాడు. కొద్దిరోజులకు తేలికపాటి మశూచి వచ్చి తగ్గిపోయేది. ఆ మనిషికి మళ్లీ జీవితంలో మశూచి వచ్చేది కాదు.

ప్రమాదం లేకపోలేదు. అయితే మామూలుగా సోకిన మశూచిలో నూటికి ముప్పై దాకా మరణాలుంటే, ఈ పద్ధతిలో నూటికి ఒకటి రెండు మాత్రమే. ఆ కాలానికి ఇది గొప్ప విజ్ఞానం. మొదటి ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదు.

రెండవ ప్రశ్న మాటేమిటి? హాల్వెల్ రాసిన మరొక వివరం ఇక్కడ ముఖ్యం. టీకా వేయించుకున్నవారు ఇంట్లో ముడుచుకుని పడుకోకూడదు, గాలి ఆడేచోట ఉండాలి. జ్వరం ఎక్కువైతే గుమ్మం దగ్గర చాప వేసుకుని పడుకోవచ్చు. రోగికి ఇది హాయిగానే ఉంటుంది. కానీ ఆ మనిషికి వచ్చింది తేలికపాటిదైనా అసలు మశూచే. గుమ్మం దగ్గర చాపమీద ఉన్న అతని నుంచి దారిన పోయేవారికి పూర్తిస్థాయి వ్యాధి అంటవచ్చు. ఊరంతా ఒకేసారి టీకా వేయించుకుంటే ఈ ప్రమాదం తక్కువ. కలకత్తా వంటి నగరంలో అది సాధ్యం కాదు. అక్కడికి రోజూ కొత్తవారు వస్తుంటారు. ఒక వీధిలో కొందరు వేయించుకుంటారు, కొందరు వేయించుకోరు. ఒకరి రక్షణ మరొకరికి ముప్పు అయ్యేది ఇక్కడే.

కొత్త టీకా, కొత్త చట్టం

1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవులకు వచ్చే పొక్కుల రసితో మశూచిని నివారించవచ్చని చూపాడు. ఈ కొత్త టీకా వేయించుకున్నవారి నుంచి ఎవరికీ మశూచి అంటదు. పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ అసలు తేడా ఇదే. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల పాపకు మన దేశంలో తొలిసారి ఈ టీకా విజయవంతంగా వేశారు. ఆ ఏడాది నవంబరుకు అది కలకత్తా చేరింది. అప్పట్లో శీతల పెట్టెలు లేవు. ఒకరి చేతి పొక్కునుంచి రసి తీసి మరొకరి చేతికి ఎక్కిస్తూ, మనుషుల చేతులమీదుగానే టీకా మందును ఊరినుంచి ఊరికి నడిపించారు. బెంగాల్‌లో ఆ పనిని పర్యవేక్షించిన జాన్ షూల్‌బ్రెడ్ 1804లో దానిపై ఒక నివేదిక ప్రచురించాడు.

అయినా ప్రజలు పాత టీకాదారులనే నమ్మారు. దానికి కారణాలున్నాయి. టీకాదారు తెలిసినవాడు, తరతరాలుగా వస్తున్నవాడు. శీతలకు పూజ చేసి మరీ గాటు పెట్టేవాడు. కొత్త టీకా పరాయి ప్రభుత్వానిది. పైగా దాని శక్తి కొన్నేళ్లకు తగ్గేది, మళ్లీ వేయించుకోవాలి. ఎండకాలంలో మందు పాడైపోయేది. జనం సందేహించడంలో వింత ఏముంది?

నగరంలో కొద్ది ఏళ్లకొకసారి మశూచి చెలరేగుతూనే ఉంది. 1849-50 నాటి ఉపద్రవం తరువాత ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. చివరకు 1865లో కలకత్తాలోనూ దాని శివార్లలోనూ పాత పద్ధతి టీకాను చట్టం ద్వారా నిషేధించారు. 1880 నాటి బెంగాల్ చట్టం పిల్లలకు కొత్త టీకాను తప్పనిసరి చేసింది. అయితే పనిని ముందుకు నడిపింది చట్టం ఒక్కటే కాదు. ఎందరో పాత టీకాదారులకు కొత్త పద్ధతి నేర్పి, అనుమతి పత్రాలిచ్చి, అదే పల్లెలకు పంపారు. నమ్మిన మనిషి చేతిలో కొత్త మందు పెట్టడం చట్టం చేయలేని పని చేసింది.

1898: భయం ఏం చేసింది?

ఇక్కడ కొద్దిసేపు మరొక వ్యాధివైపు వెళ్లాలి. ప్లేగు వైరస్ కాదు, బాక్టీరియా వల్ల వస్తుంది. అయినా వ్యాధి సోకినవారిని ఏం చేయాలన్న ప్రశ్న కలకత్తాలో అతి తీవ్రంగా తలెత్తింది ప్లేగు వచ్చినప్పుడే.

1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. 1897లో అంటువ్యాధుల చట్టం వచ్చింది. ఇళ్లు సోదా చేయడానికి, మనుషులను నిర్బంధించడానికి అది అధికారులకు విశేష అధికారాలిచ్చింది. పుణెలో సైనికులు ఇళ్లలోకి చొరబడి చేసిన సోదాలపై జనాగ్రహం రగిలి, 1897 జూన్‌లో ప్లేగు అధికారి రాండ్ హత్యకు గురయ్యాడు. 1898 ఏప్రిల్‌లో కలకత్తాలో ప్లేగు ఉన్నట్లు ప్రకటించగానే జనం రైళ్లలో, పడవల్లో, కాలినడకన నగరం వదిలి పారిపోయారు. బలవంతంగా సూది పొడుస్తారన్న పుకార్లతో మే నెలలో అల్లర్లు జరిగాయి.

కాసేపు ఆలోచించండి. ఆసుపత్రికి ఈడ్చుకుపోతారన్న భయం ఉన్నప్పుడు ఇంట్లో రోగి ఉన్నాడని ఎవరు చెబుతారు? దాచేస్తారు. రాత్రికి రాత్రే ఊరు దాటిస్తారు. వ్యాధిని ఒకచోట బంధించాలని చేసిన ప్రయత్నమే దాన్ని నలుదిక్కులా తరిమే ప్రమాదం తెచ్చింది.

కలకత్తా పాలకులు పుణె అనుభవం చూశారు. ఇంట్లోనే రోగిని విడిగా ఉంచేందుకు వీలు కల్పించి, బలవంతపు తరలింపుపై పట్టు సడలించారు. స్వామి వివేకానంద బెంగాలీలో ఒక ప్రకటన రాసి, భయపడవద్దనీ పుకార్లు నమ్మవద్దనీ ప్రజలను కోరారు. 1899లో ప్లేగు మళ్లీ వచ్చినప్పుడు సోదరి నివేదిత, స్వామి సదానంద బృందంతో కలిసి బాగ్‌బజార్ ప్రాంతపు బస్తీలను శుభ్రం చేయించారు. డాక్టర్ రాధాగోవింద కర్ రోగుల ఇళ్లకు వెళ్లి చికిత్స చేశారు. తలుపు తట్టేది పోలీసు కాక ఇరుగుపొరుగు మనిషి అయినప్పుడు ఆ తలుపు తెరుచుకుంటుంది.

సాల్ట్ లేక్ శిబిరం: ఒక వార్తాచిత్రం

ఇప్పుడు 1971కి వద్దాం. తూర్పు పాకిస్తాన్‌లో సైనిక హింస నుంచి తప్పించుకుని దాదాపు కోటి మంది మన దేశంలోకి శరణార్థులై వచ్చారు. కలకత్తా తూర్పు అంచున చిత్తడి నేలలను పూడ్చి కొత్తగా ఒక పట్టణం కట్టడానికి సిద్ధం చేసిన స్థలం ఉండేది. అదే సాల్ట్ లేక్, నేటి బిధాన్‌నగర్. అక్కడ లక్షకు పైగా శరణార్థులు గుడారాల్లో, రేకుల పాకల్లో తలదాచుకున్నారు. కొందరు మురుగునీటి కోసం తెచ్చిపెట్టిన పెద్ద గొట్టాల్లోనే కాపురాలు పెట్టారు.

తూర్పు పాకిస్తాన్‌లో 1970 ఆగస్టు తరువాత మశూచి కేసులు కనిపించలేదు. మశూచి ఇంకా మిగిలి ఉన్నది భారతదేశంలో. కిక్కిరిసిన శిబిరంలోకి అది ఎలాగో ప్రవేశించింది. ఇందాక గుర్తుంచుకోమన్న పొరపాటు ఇక్కడే జరిగింది. ఆ పొక్కులను ఆటలమ్మగా భావించారు. ఆటలమ్మ అనుకుంటే ఎవరికీ కంగారు ఉండదు, ఎవరినీ విడిగా ఉంచరు, చుట్టుపక్కలవారికి టీకాలు వేయరు.

1971 డిసెంబరు 16న యుద్ధం ముగిసింది. బంగ్లాదేశ్ స్వతంత్ర దేశమైంది. శరణార్థులు ఇళ్లకు ప్రయాణమయ్యారు. 1972 జనవరిలో అమెరికాలో ఒక అంటువ్యాధుల నిపుణుడు టెలివిజన్‌లో సాల్ట్ లేక్ శిబిరం గురించిన వార్తాచిత్రం చూస్తున్నాడు. తెరమీద కనిపించిన రోగి ముఖంపై ఉన్నవి ఆటలమ్మ పొక్కులు కావనీ, మశూచివనీ ఆయన గుర్తుపట్టాడు. వెంటనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు కబురు వెళ్లింది. అప్పటికే ఆలస్యమైంది. ఎన్నో కుటుంబాలు సరిహద్దు దాటి తమ పల్లెలకు చేరుకున్నాయి. వారితోపాటు వ్యాధి కూడా చేరింది. మశూచి లేని దేశంగా పుట్టవలసిన బంగ్లాదేశ్‌లో 1972లోనే పదివేలకు పైగా కేసులు నమోదయ్యాయి.

ఆ శరణార్థుల తప్పేముంది? నెలల తరబడి గుడారాల్లో గడిపినవారికి సొంత ఊరు చూసుకోవాలన్న ఆరాటం సహజం. పొదిగే కాలంలో ఉన్న మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తాడు, నడుస్తాడు, లారీ ఎక్కుతాడు. మీకు వ్యాధి సోకి ఉండవచ్చు, పన్నెండు రోజులు ఆగండి, ఈ టీకా వేయించుకోండి, అంతవరకు మీ తిండి మేం చూస్తాం అని చెప్పినవారు లేరు. తప్పు చేసిన మనుషులు కాదు, అందని సమాచారం ఆ వ్యాధిని సరిహద్దు దాటించింది.

నాలుగు రోజుల వ్యవధి

వ్యాధి సోకాక టీకా వేస్తే లాభం ఉంటుందా? ఇల్లు కాలాక బావి తవ్వినట్లు కాదా? మశూచి విషయంలో జవాబు ఆశ్చర్యం కలిగిస్తుంది. లాభం ఉంటుంది. సంపర్కం జరిగిన మూడు నాలుగు రోజుల్లోపు టీకా వేస్తే చాలామందికి వ్యాధి రాదు. వచ్చినా తేలికగా పోతుంది. టీకా ఇచ్చే రక్షణ, వైరస్ పొదిగే వేగం కంటే ముందుగా తయారవుతుంది.

ఈ సూత్రం మీదనే కొత్త వ్యూహం నిలబడింది. 1966 చివరలో తూర్పు నైజీరియాలో అందరికీ వేయడానికి సరిపడా మందు లేనప్పుడు, విలియం ఫేగీ అనే వైద్యుడు రోగి చుట్టూ ఉన్నవారిని వెదికి వారికే ముందుగా టీకా వేయించి వ్యాధిని అరికట్టాడు. 1973 శరదృతువు నుంచి భారతదేశంలో ఇదే పద్ధతిని భారీ ఎత్తున అమలు చేశారు. దాదాపు లక్షమంది ఆరోగ్య కార్యకర్తలు విడతలు విడతలుగా ఇంటింటికీ తిరిగారు. వారి చేతిలో మశూచి సోకిన పిల్లవాడి ఫొటో ఉన్న కార్డు ఉండేది. ఇలాంటి పొక్కులు ఎక్కడైనా చూశారా అని అడిగేవారు. ఆ ఒక్క ఫొటో ఆటలమ్మకూ మశూచికీ మధ్య పొరపాటును చాలావరకు తొలగించింది.

1974లో బీహార్, ఒరిస్సా, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల్లో మశూచి భయంకరంగా విజృంభించింది. ఆ ఏడాది దేశం మొత్తంలో 1,88,003 కేసులు, 31,262 మరణాలు నమోదయ్యాయి. వ్యూహం విఫలమైందని విమర్శలు వచ్చాయి. నిజానికి బాగా వెదకడం వల్ల దాగి ఉన్న కేసులు కూడా లెక్కలోకి వచ్చాయి. పని ఆపలేదు.

రోగి ఉన్న ఇంటి దగ్గర జరిగేది గమనించండి. రోగి ఆ ఇంట్లోనే ఉంటాడు. పగలూ రాత్రీ వంతులవారీగా కాపలాదారులు గుమ్మం దగ్గర ఉంటారు. తరచుగా వారు అదే ఊరివారు. ఇంట్లోకి వచ్చేవారెవరైనా టీకా వేయించుకున్నాకే లోపలికి రావాలి. ఆ ఇంటివారందరికీ, చుట్టుపక్కల ఇళ్లకూ, ఆపై ఊరంతటికీ టీకాలు వేస్తారు. రోగి ఇటీవల ఎవరిని కలిశాడో, ఎవరు ఏ ఊరు వెళ్లారో అడిగి రాసుకుని ఆ ఊళ్లకు కబురు పంపుతారు. కూలికి వెళ్లకపోతే గడవని కుటుంబాలకు తిండి ఏర్పాటు కూడా అవసరమైంది. వేపమండ చేసిన పనిని కాపలాదారు పూర్తి చేశాడు. బయటివారు లోపలికి రాకుండా, లోపలివారు బయటికి పోకుండా చూశాడు.

ఈ చరిత్రలో మచ్చలు లేవని చెప్పలేం. తొందరలో కొన్నిచోట్ల ఇష్టంలేనివారికి బలవంతంగా టీకాలు వేసిన సంఘటనలు జరిగాయి. ఆ పనిలో పాల్గొన్నవారే తరువాత వాటిని రాశారు. ఫలితం గొప్పదైనంత మాత్రాన ఆ బలవంతం ఒప్పయిపోదు. ఈ రెండు మాటలూ కలిపే చదవాలి.

1975 మే 24న అస్సాంలోని కరీంగంజ్‌లో, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒక యాచకురాలిలో దేశంలోని చివరి మశూచి కేసును గుర్తించారు. ఆ తరువాత కేసు చూపినవారికి వెయ్యి రూపాయల బహుమానం ప్రకటించినా ఎవరూ చూపలేకపోయారు. 1975 అక్టోబరులో బంగ్లాదేశ్‌లోని భోలా ద్వీపంలో మూడేళ్ల పాపకు వచ్చినది ప్రపంచంలో ఉధృత రకం మశూచి సహజంగా సోకిన చివరి కేసు. ఆ సంగతి అధికారులకు చెప్పింది ఎవరనుకున్నారు? ఎనిమిదేళ్ల బాలిక. ఆమెకు 250 టాకాల బహుమానం దక్కింది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ మశూచి అంతమైందని ప్రకటించింది.

నేడు మనం ఏం చేయాలి?

మశూచి పోయినా వైరస్‌లు పోలేదు. 2020 మార్చి 17న కోల్‌కతాలో తొలి కోవిడ్ కేసు బయటపడి, రోగిని బేలియాఘాటా అంటువ్యాధుల ఆసుపత్రిలో ఉంచినప్పుడు నగరం మళ్లీ పాత ప్రశ్నలే వేసుకుంది. 1897 నాటి చట్టాన్నే మళ్లీ బయటికి తీశారు. కోవిడ్ ఒక విషయంలో మశూచి కంటే జిత్తులమారి. జ్వరం రాకముందే, అసలు లక్షణాలు లేకుండానే, ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. అందుకే అనుమానం ఉన్నవారు కూడా దూరంగా ఉండవలసి వచ్చింది.

ఇక్కడ రెండు మాటల తేడా తెలుసుకోండి. జబ్బుపడినవారిని విడిగా ఉంచడం ఐసొలేషన్. సోకి ఉండవచ్చని అనుమానం ఉన్న ఆరోగ్యవంతులు కొన్నాళ్లు విడిగా ఉండడం క్వారంటైన్. సాల్ట్ లేక్‌లో లోపించింది ఈ రెండూ.

కొన్ని వ్యాధుల విషయంలో సంపర్కం జరిగాక కూడా రక్షణకు గడువు ఉంది. దాన్ని జారవిడుచుకోకూడదు.

కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలపాటు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబీస్ టీకా మొదలుపెట్టాలి. గాయం లోతైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేసే పాత మందు ఇప్పుడు లేదు. కాబట్టి భయపడి మానేయవద్దు. చెప్పిన తేదీలన్నిటికీ వెళ్లాలి. రేబీస్ లక్షణాలు కనిపించాక బతకడం దాదాపు అసాధ్యం.

తట్టు సోకిన పిల్లవాడితో కలిసి ఉంటే, టీకా వేయించుకోనివారు 72 గంటల్లోపు వేయించుకుంటే రక్షణ దొరకవచ్చు. హెచ్.ఐ.వి. సోకే ప్రమాదం జరిగిందని తెలిస్తే 72 గంటలు దాటకముందే, వీలైనంత త్వరగా మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. మశూచికి దగ్గరి చుట్టమైన ఎంపాక్స్ 2022లో పలు దేశాల్లో వ్యాపించినప్పుడు, సంపర్కం జరిగిన నాలుగు రోజుల్లోపు టీకా వేయాలన్న పాత లెక్కే మళ్లీ ఉపయోగపడింది.

కోవిడ్, ఫ్లూ, ఆటలమ్మ వంటివి సోకితే గాలి వెలుతురు ఉన్న విడి గదిలో ఉండడం, మాస్కు ధరించడం, చేతులు కడుక్కోవడం, ఇంట్లోని ముసలివారికి, గర్భిణులకు, పసిపిల్లలకు దూరంగా ఉండడం అవసరం. ఊపిరి అందకపోయినా, మత్తుగా పడి ఉన్నా, జ్వరం తగ్గకపోయినా వైద్యుని దగ్గరికి వెళ్లాలి. యాంటీబయాటిక్ మందులు వైరస్‌ల మీద పనిచేయవు. వాటిని సొంతంగా కొని వాడవద్దు.

అన్నిటికంటే ముందు, చెప్పండి. పరీక్ష ఉందనో, పెళ్లికి వెళ్లాలనో జ్వరాన్ని దాచవద్దు. ఎవరితో కలిసి భోంచేశారో, ఎవరి పక్కన కూర్చున్నారో వారికి తెలియజేయండి. వారికి ఉన్న గడువు మీరు చెప్పే మాట మీదే ఆధారపడి ఉంటుంది. అలాగే ఎవరైనా వచ్చి నాకు సోకింది అని చెబితే వారిని వెలివేయవద్దు. చెప్పినవారిని శిక్షించే ఊళ్లో రెండోసారి ఎవరూ చెప్పరు. 1898లో కలకత్తా ఈ సంగతి కష్టపడి నేర్చుకుంది.

ముగింపు

టీకాదారు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాడు. వేపమండ రెండవ ప్రశ్నకు సగం జవాబు చెప్పింది. చట్టం ఒంటరిగా నెగ్గలేకపోయింది. సాల్ట్ లేక్‌లో ఒక జబ్బును మరొక జబ్బుగా పొరబడితే ఒక దేశం మూల్యం చెల్లించింది. చివరకు వ్యాధిని తుదముట్టించింది సరైన గుర్తింపు, సకాలంలో టీకా, గుమ్మం దగ్గర కాపలా, నిజం చెప్పిన ఇరుగుపొరుగు. మీ తాతయ్య చేతిమీది మచ్చను ఈసారి చూసినప్పుడు ఈ చరిత్రంతా గుర్తుకు రావాలి.

ఆలోచించండి

1. పాత పద్ధతి టీకా వేయించుకున్న మనిషికి రక్షణ కల్పించినా నగరానికి ఎందుకు ముప్పు తెచ్చింది?

2. 1898లో ప్లేగు రోగులను బలవంతంగా తరలిస్తారన్న భయం వ్యాధి వ్యాప్తికి ఎలా తోడ్పడగలదు? 2020లో మీ ఊరి అనుభవంతో పోల్చి రాయండి.

3. మీ ఇంట్లోని పెద్దలను అడిగి, మశూచి టీకా వేసిన రోజు గురించి వారికి గుర్తున్నది ఒక పేజీలో రాసి తరగతిలో చదవండి.